మస్తానమ్మ షాపును కాపాడిన వైనం

రేగడిపేట బస్టాండు ఎదురుగా, కళ్ళజోళ్ళ దుకాణానికీ చెప్పుల కొట్టుకీ మధ్యలో మస్తానమ్మ పుస్తకాల షాపు ఉండేది. ఒకప్పుడు ఆ ఊళ్ళో పుస్తకాల షాపులు ఏడు. ఒకటి సెల్‌ఫోన్ల కొట్టయింది, ఒకటి బిర్యానీ సెంటరయింది, తక్కినవి ఏమయ్యాయో ఊరు మర్చిపోయింది. మస్తానమ్మది ఒక్కటే మిగిలింది. దానికి పెద్ద కారణమేమీ లేదు. మూసేద్దామన్న ఆలోచన ఆమెకు రాలేదు, అంతే.

ఆమె చదివింది ఎనిమిదో తరగతి. మొగుడు పోయాక పద్దెనిమిదేళ్ళుగా ఆ గల్లాపెట్టె వెనక కూర్చుని, పంచాంగాలూ పరీక్షల గైడ్లూ తప్ప షాపులో ఉన్నవన్నీ చదివేసింది. ఆమె పుస్తకం అమ్మే తీరే వేరు. మనిషిని తిట్టి అమ్మేది.

"అది నీకెందుకయ్యా? మూడో పేజీలో గుర్రు పెడతావ్. పెట్టు అక్కడ. ఇదిగో, ఇది తీస్కపో. నచ్చకపోతే తెచ్చి నా మొహాన కొట్టు" అనేది. ఆమె మొహాన కొట్టడానికి ఎవరూ తిరిగి రాలేదు. ఇంకొకటి ఇవ్వమని వచ్చేవారు.

కొననివాళ్ళూ వచ్చేవారు. వాళ్ళలో ముఖ్యుడు ఏసుపాదం. కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. రోజూ పది గంటలకు వచ్చి, మూడో బీరువా దగ్గర నిలబడి, డిటెక్టివ్ నవల ఓ పదిహేను పేజీలు చదివి, ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్ళిపోయేవాడు.

"ఇది షాపనుకున్నావా, మీ అత్తగారిల్లనుకున్నావా?" అనేది మస్తానమ్మ.

"అత్తగారింట్లో పుస్తకాల్లేవమ్మా" అనేవాడు ఏసుపాదం, తల ఎత్తకుండా.

ఇలా ఉండగా, జనం పుస్తకాలు చదవడం మానేస్తున్నారని ప్రభుత్వానికి బెంగ పట్టుకుంది. బెంగ పట్టుకున్నప్పుడు ప్రభుత్వం చేసే పనే చేసింది. కమిటీ వేసింది. కమిటీ వారు ఏడాదిపాటు ఊరూరా తిరిగి, మూతపడిన పుస్తకాల షాపుల్ని నలభై మూడింటిని పరిశీలించారు. వాటన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉన్నట్టు తేలింది. ఏ ఒక్క షాపులోనూ ఒక్క పుస్తకం కూడా లేదు. ఇంకా లోతుగా విచారించగా, ఆ షాపులు నడుస్తున్న రోజుల్లో ప్రతిరోజూ అక్కణ్ణించి కొన్ని పుస్తకాలు బయటికి వెళ్ళిపోతూ వచ్చాయనీ, యజమానులే స్వయంగా వాటిని సంచుల్లో పెట్టి మరీ పంపించారనీ సాక్ష్యాధారాలతో సహా బయటపడింది. "పుస్తకములు విక్రయ రూపేణా బయటకు తరలిపోవుటయే పుస్తక విక్రయశాలల క్షీణతకు మూలకారణము" అని కమిటీ నివేదిక రాసింది. దాని మీద పఠన సంస్కృతి పరిరక్షణ సంస్థ ఒకటి పుట్టింది. ఆ సంస్థకు జిల్లా ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారు వచ్చారు.

ఆయన రావడం శాలువాతోనూ సన్నాయి మేళంతోనూ వచ్చాడు. ఓ సోమవారం ఉదయం జీపు దిగి, మస్తానమ్మకు దండ వేసి, శాలువా కప్పి, షాపు ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు.

"ఈ విక్రయశాల మన జాతి సంపద. దీనిని కంటికి రెప్పలా కాపాడుకోవలసిన బాధ్యత మనందరి భుజస్కంధాలపై ఉన్నదని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను. ఆ మేరకు ఈ క్షణం నుంచి దీనిని సంరక్షిత పఠన స్థలంగా ప్రకటిస్తున్నాను."

జనం చప్పట్లు కొట్టారు. మస్తానమ్మ కళ్ళు తుడుచుకుంది. పద్దెనిమిదేళ్ళలో మునిసిపాలిటీ వాళ్ళు ఆ షాపు గడప తొక్కింది, బోర్డు రెండంగుళాలు రోడ్డు మీదికి వచ్చిందని చెప్పడానికే. ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు తన షాపు మంచిదన్నారు. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషం సుమారు ఇరవై నిమిషాలు ఉంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఫొటోగ్రాఫరు బీరువా బీరువాకీ ఫొటో తీశాడు. లారీలో దిగిన నలభైమంది గుమాస్తాలు పుస్తకాలు లెక్కపెట్టి, ఒక్కోదానికీ నంబరు చీటీ అంటించారు. మూడువేల నాలుగువందల పదిహేడు తేలాయి. గుమ్మానికి ఇత్తడి పలక కొట్టారు. బీరువాల ముందు నీలం తాడు కట్టారు. అప్పుడు షకీలా వచ్చింది.

షకీలా అంగన్‌వాడీ టీచరు. సూపర్‌వైజరు పోస్టు పరీక్ష పది వారాల్లో ఉంది. వయసు రీత్యా ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. దాని గైడు కోసం నెల ముందే చెప్పి పెట్టుకుంటే, మస్తానమ్మ విజయవాడ నుంచి తెప్పించి, పేరు రాసి పక్కన పెట్టింది.

"వచ్చిందంటగా పిన్నీ" అంది షకీలా.

మస్తానమ్మ శాలువా సర్దుకుని, తాడు కింద నుంచి వంగి, గైడు చేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తున్నారు మస్తానమ్మగారూ?" అన్నాడు పరాంకుశం.

"పుస్తకం ఇస్తన్నా."

"ఎవరికి?"

"కొనుక్కునే మనిషికి. ఇంకెవరికిస్తారు?"

పరాంకుశం నవ్వాడు. తెలియక తప్పు చేసిన పసిపిల్లను చూసి నవ్వినట్టు నవ్వి, ఆమె చేతిలోంచి గైడును రెండు వేళ్ళతో తీసి, మళ్ళీ దాని స్థానంలో పెట్టించాడు. "సదరు గ్రంథం ఈ ఉదయం పది గంటల నలభై నిమిషాల నుంచి సంరక్షిత సంపద. దీని విక్రయం, అరువు, దానం, మార్పిడి, వగైరా అన్నీ నిషిద్ధం."

"అది గైడయ్యా. జూన్ పోతే చిత్తు కాయితం."

"సంపదలో తరతమ భేదాలు చూపే అధికారం నాకు లేదమ్మా."

మర్నాడు మస్తానమ్మ షాపు తాళం వేసి, రిక్షా ఎక్కి, పరాంకుశం ఆఫీసుకు వెళ్ళింది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టి కుర్చీ వేయించాడు. ఆయన మర్యాదస్తుడు. ఆ సంగతి మస్తానమ్మ చివరిదాకా ఒప్పుకునేది.

"అయ్యా, పుస్తకాలు అమ్మకపోతే అది పుస్తకాల షాపెట్టా అవుద్ది?" అని అడిగింది.

"అమ్మితే ఎలా అవుతుందమ్మా?" అన్నాడాయన, నిజంగా ఆశ్చర్యపోతూ. "ఉన్న పుస్తకాలు అమ్మేస్తే మిగిలేది షాపే కదా. పుస్తకాలు ఉండవు. నలభై మూడు చోట్ల అదే జరిగింది."

"అమ్మినయ్యి పోతే కొత్తయ్యి వస్తయ్యి."

"వస్తాయన్న హామీ లిఖితపూర్వకంగా ఇవ్వగలరా? ప్రభుత్వం అనిశ్చితిపై ఆధారపడదు." ఆయన గొంతు తగ్గించాడు. "పైగా, అమ్మా, మిమ్మల్ని మేం గౌరవ సంరక్షకురాలిగా నియమించాం. మీ పేరు గెజిట్లో వచ్చింది."

"గెజిట్లో వస్తే షకీలా పరీక్ష ఎట్టా రాస్తది?"

ఆ ప్రశ్న తన విభాగం పరిధిలోకి రాదని ఆయన విచారంతో తెలియజేశాడు. వచ్చేటప్పుడు ఎనభై ఆరు పేజీల నిబంధనావళి ఒకటి ఆమె చేతిలో పెట్టి, చదవనవసరం లేదనీ, భద్రంగా ఉంచితే చాలనీ చెప్పాడు.

వారం తిరక్కుండా షాపుకు కాపలాగా గురవయ్య అనే హోంగార్డును వేశారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మరో వారానికి ఇంకో ఉత్తర్వు వచ్చింది. పుస్తకం కదలకుండా ఉంటే చాలదనీ, పేజీ తిప్పినప్పుడల్లా కాగితం అరుగుతుందనీ, ఒక పుస్తకాన్ని మూడువందల మంది చదివితే అది ఎనిమిది గ్రాములు బరువు తగ్గుతుందనీ ఎవరో శాస్త్రజ్ఞుడు నిరూపించాడట. అందుచేత చదవడం ఆపించారు. "చదువుదాం, ముట్టుకోకుండా" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. దుమ్ము దులపడం కూడా ఆపించారు. ప్రకటన నాటి దుమ్ము కూడా ప్రకటనలో భాగమే కదా.

ఆ తర్వాత ఫొటోలు కడిగి వచ్చాయి. అవి వచ్చాక ఏసుపాదానికి కష్టాలు మొదలయ్యాయి.

మూడో బీరువా ఫొటోలో ఏసుపాదం పడ్డాడు. నీలం గళ్ళ చొక్కాతో, నవల తెరిచి పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని ఉన్నాడు. పరాంకుశం ఆ ఫొటోను భూతద్దంతో చూసి, అతను నూట పదమూడో పేజీలో ఉన్నట్టు నిర్ధారించాడు.

"వీరు సజీవ వారసత్వ పాఠకులు. ప్రతిరోజూ పది నుంచి ఒంటిగంట వరకు ఇదే స్థానంలో, ఇదే చొక్కాతో, ఇదే పేజీ తెరిచి నిలబడవలసి ఉంటుంది" అన్నాడు.

"నిలబడతా సారూ. కాకపోతే మరి పేజీ..."

"అదే పేజీ."

అది నవలలో ఎలాంటి చోటంటే, మూడు హత్యలు అయిపోయి, వాన కురుస్తూ ఉండగా, పాతబంగళా ముందు కారు ఆగుతుంది. నూట పదమూడో పేజీలో ఆఖరి మాటలు ఇవి: 'కారు తలుపు తెరుచుకుంది. అందులోంచి దిగిన మనిషిని చూసి ఇన్‌స్పెక్టర్'. అక్కడితో పేజీ అయిపోతుంది.

ఏసుపాదం ఆ వాక్యం ముందు ముప్పై నాలుగు రోజులు నిలబడ్డాడు. మొదటి వారం, దిగింది బంగళా వంటవాడనుకున్నాడు. రెండో వారం, చచ్చిపోయిందనుకున్న చెల్లెలనుకున్నాడు. మూడో వారానికి అన్నం సయించడం మానేసింది. ఇంట్లో భార్య పలకరిస్తే, "కారు తలుపు తెరుచుకుందే" అనేవాడు. ఆమె డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. డాక్టరు అంతా విని, "ఇంతకీ దిగిందెవరంటారు?" అని అడిగాడు.

చూడ్డానికి జనాన్ని తీసుకొచ్చేవారు. ఓ రోజు ప్రభుత్వ పాఠశాల పిల్లలు వరసగా వచ్చారు. టీచరమ్మ తాడు ఇవతల నిలబెట్టి, "అదిగో పిల్లలూ, దాన్నే పుస్తకం అంటారు. ఎవరూ ముట్టుకోకండి. ఆయన పాఠకుడు. ఆయన్నీ ముట్టుకోకండి" అంది. ఓ చిన్నపిల్ల, ఆయన ఎందుకు ఏడుస్తున్నాడని అడిగింది. అది పఠనానందం అని టీచరమ్మ చెప్పింది.

మస్తానమ్మ గల్లాపెట్టె వెనక అదంతా చూస్తూ కూర్చునేది. అమ్మకం లేదు. ఫొటోలో ఆమె కుడిచేతి మీద గడ్డం ఆనించుకుని ఉంది కాబట్టి, పదింటి నుంచి ఒంటిగంట దాకా అలాగే ఆనించుకోవాలి. అది కూడా భరించేదేమో గాని, చదవడానికి ఏమీ లేకపోవడం ఆమె వల్ల కాలేదు. చుట్టూ మూడువేల నాలుగువందల పదిహేడు పుస్తకాలు పెట్టుకుని ఒక్కటీ తెరవకూడదు. ఓ మధ్యాహ్నం, నంబరు చీటీ లేని పుస్తకం ఏదైనా ఉందా అని వెతికితే, నిబంధనావళి దొరికింది. చదివేసింది. అట్ట నుంచి అట్ట దాకా, అనుబంధాలతో సహా. రాసినవాళ్ళు తలా ఒక అధ్యాయం రాసి ఎవరిది వాళ్ళు చూసుకున్నారు కాబట్టి, దాన్ని పూర్తిగా చదివిన మనిషి రాష్ట్రం మొత్తానికి ఆమె ఒక్కతే అయింది.

డెబ్భై ఒకటో పేజీలో ఆమె ఆగింది. చూపుడువేలు పెట్టి మళ్ళీ చదివింది. తర్వాత, ఫొటో తీసిన రోజు నుంచి మొదటిసారి, నవ్వింది.

ఆ సాయంత్రం షకీలాకు కబురు పెట్టింది. పరీక్ష ఇక మూడు వారాలే ఉంది.

"ఇట్టా రావే. నేను చెప్పేది జాగర్తగా ఇను. అమ్మకూడదు. ఇవ్వకూడదు. అరువు కూడదు. మార్చుకోకూడదు. ఇయన్నీ నేను చేయకూడనియ్యి. దొంగతనం జరగకూడదని యాడా లేదు. జరిగితే నేను తొమ్మిదో నంబరు ఫారం నింపి ఆఫీసుకి పంపాల. అంతే నా పని."

షకీలా తెల్లబోయింది. "నన్ను దొంగతనం చెయ్యమంటావా పిన్నీ? నేను అంగన్‌వాడీ టీచర్ని."

"అయితే ఏం? పట్టపగలు, మర్యాదగా చెయ్యి."

మర్నాడు పదకొండింటికి షకీలా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. మస్తానమ్మ కుడిచేతి మీద గడ్డం ఆనించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. షకీలా తాడు దాటి, గైడు తీసుకుని, గుండెకు హత్తుకుని, అక్కడే నిలబడిపోయింది.

"ఇప్పుడు పరిగెత్తాలా పిన్నీ?" అంది చిన్నగా.

"నడువు. నువ్వు పరిగెత్తితే గురవయ్య పరిగెత్తాల. పాపం ఆయనకి మోకాళ్ళ నొప్పులు."

షకీలా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. గురవయ్య ఆమె వెళ్ళిన దారి కేసీ మస్తానమ్మ కేసీ చూశాడు.

"అమ్మా, ఆ పిల్ల ఏందో తీసకపోయింది."

"చూశావా?"

"చూశా."

"మంచిది. సాక్షి కావాలంటంది ఫారంలో. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

గురవయ్య సంతకం పెట్టాడు. తన ఉద్యోగం కాపలా కాయడమే అయినా, కాగితం నింపిన తర్వాత పని పూర్తయినట్టేనని ముప్పై ఏళ్ళ సర్వీసులో అతనికి తెలుసు. ఇదంతా మూడో బీరువా దగ్గర నుంచి చూసిన ఏసుపాదం, ఒక్కసారిగా నవల చంకలో పెట్టుకుని వీధిలోకి దూకాడు. దూకినవాడు ఎంతో దూరం పోలేదు. చెప్పుల కొట్టు మెట్ల మీద కూలబడి, పేజీ తిప్పాడు. నూట పద్నాలుగో పేజీ మొదట్లో, 'మీరా!' అన్నాడు ఇన్‌స్పెక్టర్. అధ్యాయం అయిపోయింది.

ఏసుపాదం వేసిన కేకకు బస్టాండులో మనుషులు ఇటు తిరిగి చూశారు. గురవయ్య కుంటుకుంటూ వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. చేతిలో లాఠీ ఉంది.

"పద, అరెస్టు చెయ్యి" అన్నాడు ఏసుపాదం, తల ఎత్తకుండా.

"చేస్తాలే అన్నా. ముందా కారు దిగిందెవరో చూడు. నేనూ నీ ఎనకమాల నిలబడి అదే పేజీ చదువుతుండా ముప్పై రోజుల్నుంచి."

కథ బయటికి పొక్కింది. మస్తానమ్మ షాపులో ఉచితంగా కాకపోయినా దొంగతనంగా పుస్తకాలు దొరుకుతున్నాయని రేగడిపేటంతా తెలిసింది. అంతకుముందు ఆ షాపు ముందు నుంచి పదేళ్ళుగా నడిచి పోతూ లోపలికి తొంగి చూడని వాళ్ళు కూడా వచ్చారు. అమ్ముతానంటే అక్కర్లేని పుస్తకం ముట్టుకోవద్దనేసరికి ముద్దొచ్చింది. బిర్యానీ సెంటరు వంటమనిషి వచ్చి వంటల పుస్తకం తీసుకుపోయాడు. రెవెన్యూ ఆఫీసులో టైపిస్టు ప్రేమకథలు మూడు పట్టుకుపోయింది. జనం తాడు దగ్గర నిలబడి, "అమ్మా, ఏదన్నా మంచి పుస్తకం చెప్పు, దొంగతనం చేసుకుపోతా" అని అడిగేవారు. మస్తానమ్మ గడ్డం చేతిమీంచి తీయకుండా, పెదవులు కదిపీ కదపకుండా చెప్పేది.

"అది కాదయ్యా, పిచ్చి పుస్తకం. పై అరలో ఎర్రట్టది. ఆఁ, అదీ. నచ్చకపోతే తెచ్చి నా మొహాన కొట్టు."

దొంగలు పోతూ పోతూ, అట్ట వెనక ధర చూసి, ఆ మొత్తం ఆమె మజ్జిగ చెంబు కింద పెట్టిపోయేవారు. రేగడిపేట మర్యాద గల ఊరు. రోజుకు పాతిక ముప్పై తొమ్మిదో నంబరు ఫారాలు గురవయ్య సంతకంతో పరాంకుశం ఆఫీసుకు వెళ్ళేవి. ఆ సంతకాల పని మధ్యలో గురవయ్య కూడా చదవడం మరిగాడు. కాపలా లేనప్పుడు దొంగతనం చేస్తే నేరమనిపిస్తుందని, డ్యూటీలో ఉండగానే చేసేవాడు. తన ఫారంలో తనే సాక్షి సంతకం పెట్టుకునేవాడు.

నాలుగు నెలల్లో బీరువాలు ఖాళీ అయిపోయాయి. మూడువేల నాలుగువందల పదిహేడింటిలో పాత పంచాంగాలు ఎనిమిది మిగిలాయి. వాటిని దొంగలు కూడా ముట్టుకోలేదు.

అప్పుడు రాజధాని నుంచి పరాంకుశానికి ఫోను వచ్చింది. ఉత్తమ సంరక్షిత స్థలం బహుమతి పోటీలో రేగడిపేట షాపు కూడా ఉందనీ, పది రోజుల్లో కమిటీ పరిశీలనకు వస్తోందనీ. ఆయన పట్టరాని ఆనందంతో జీపెక్కి వచ్చి, షాపులో కాలు పెట్టి, గుమ్మంలోనే గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏవీ?" అన్నాడు. హోదా మర్చిపోయి ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

"పోయినయ్యి" అంది మస్తానమ్మ.

"పోతుంటే నాకు తెలియజేయాలి కదమ్మా!"

"మూడువేల నాలుగువందల తొమ్మిదిసార్లు తెలియజేశా. మూడేసి కాపీలు రాసి పంపిచ్చా. మీరు చదవలేదు."

పరాంకుశం కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే మస్తానమ్మకే జాలేసింది. లేచి మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, చాలాసేపు ఖాళీ బీరువాల కేసి చూశాడు. పుస్తకాలు పోయాయని రాస్తే, కాపాడనందుకు తన ఉద్యోగం పోతుంది. పోలేదని రాస్తే, ఉన్నట్టు కనబడాలి. ఆయన మెల్లగా సంచిలోంచి పాత ఫొటోలు తీశాడు.

మర్నాడు ఫ్లెక్సీలు కొట్టేవాడు వచ్చి కొలతలు తీసుకున్నాడు. వారంలో ఎనిమిది బీరువాలకూ ఎనిమిది ఫ్లెక్సీలు వచ్చాయి. ఫొటోలోని పుస్తకాలు యథాతథంగా, నంబరు చీటీలతో, దుమ్ముతో సహా నిలువెత్తున అచ్చయి, బీరువాల ముందు బిగుసుకున్నాయి. మూడో ఫ్లెక్సీలో నీలం గళ్ళ చొక్కాతో ఏసుపాదం ఉన్నాడు. గల్లాపెట్టె వెనక కట్టిన తొమ్మిదో ఫ్లెక్సీలో గడ్డం ఆనించుకుని మస్తానమ్మ ఉంది.

కమిటీ వచ్చింది. అధ్యక్షుడు బీరువాల ముందు చేతులు కట్టుకుని నడిచాడు. "ఇప్పటివరకు ముప్పై స్థలాలు చూశాం. ఇంతటి నిశ్చలతను ఎక్కడా చూడలేదు. ఒక్క పుస్తకం కూడా వంగలేదు. ఒక్క పాఠకుడు కూడా కదలలేదు" అన్నాడు. ఓ సభ్యుడికి ఏ కాలంలో ఏ అలవాటుండేదో గాని, ఒక పుస్తకం తీసి చూద్దామని చెయ్యి చాపాడు.

"ముట్టుకోరాదు!" అని అరిచాడు పరాంకుశం. "పదకొండో నిబంధన."

సభ్యుడు సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంత కఠినంగా నిబంధనలు అమలు చేసే అధికారిని చూడలేదని అధ్యక్షుడు సందర్శకుల పుస్తకంలో రాశాడు. బహుమతి రేగడిపేటకే వచ్చింది. దాని తర్వాత వచ్చిన ఉత్తర్వులో, స్థలం స్వయంసంరక్షక దశకు చేరుకున్నందున గౌరవ సంరక్షకురాలినీ సజీవ పాఠకుణ్ణీ విధుల నుంచి విడుదల చేయడమైనదని ఉంది. పరాంకుశం ఆ కాగితం తనే తెచ్చి ఇచ్చాడు. మస్తానమ్మ సంతకం పెట్టి, శాలువా తీసి ఆయన చేతికిచ్చి, మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూస్తే ఫ్లెక్సీలో తను కనబడుతుందని చూడలేదు.

నెల తర్వాత, చేపల మార్కెట్టు వెనక పాత ఎరువుల గోడౌనులో ఆమె మళ్ళీ షాపు పెట్టింది. బోర్డు లేదు, రంగు లేదు. గోడలకు యూరియా వాసన. చదివేసిన దొంగలందరూ పుస్తకాలు మోసుకొచ్చి, ఇవి తీసుకుని వేరేవి ఇవ్వమన్నారు. కొత్తవి విజయవాడ నుంచి వచ్చాయి. ఆ నాలుగు నెలల్లో ఊళ్ళో ఎంతమందికి చదివే జబ్బు అంటుకుందో అప్పుడు తెలిసింది. సాయంత్రమైతే గోడౌనులో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. సూపర్‌వైజరయిన షకీలా పిల్లల కథలు ఏరుకునేది. ఏసుపాదం గురవయ్యకు హంతకుణ్ణి ముందే చెప్పేసి తన్నులు తినబోయేవాడు. అందరి మీదా మస్తానమ్మ గొంతు వినబడుతూ ఉండేది.

అలాంటి ఓ సాయంత్రం గోడౌను ముందు జీపు ఆగింది. పరాంకుశం దిగాడు.

ఈసారి మేళం లేదు. బహుమతి వచ్చాక ప్రభుత్వం ప్రతి ఊరికీ రెండేసి స్థలాలు లక్ష్యంగా పెట్టింది. రెండోది వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. గోతాల మీద కూర్చుని చదివేవాళ్ళు, నిలబడి చదివేవాళ్ళు, ఒకే పుస్తకం కోసం పేచీ పెట్టుకుంటున్న ఇద్దరు ముసలమ్మలు. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఎంత అద్భుతంగా..." అని మొదలుపెట్టాడు.

పుస్తకాల మీంచి తలలు లేచాయి. మస్తానమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అద్భుతమా? ఏంది సార్ అద్భుతం?" అన్నాడు ఏసుపాదం, గోతం మీంచి లేచి. "చెత్త షాపు. దిక్కులేక వస్తన్నాం."

"కూర్చుంటే బట్టలకు యూరియా అంటుకుంటంది" అన్నాడు గురవయ్య, చేతిలో పుస్తకం వెనక్కి దాచుకుంటూ.

"ఒక్క పుస్తకం బాగుండదండీ. నేను పద్నాలుగు చదివా, పద్నాలుగూ అంతే" అంది టైపిస్టు.

ముసలమ్మలిద్దరూ పేచీ ఆపి, ఈ పుస్తకం నాకొద్దంటే నాకొద్దని ఒకరి మీదికొకరు తోసుకున్నారు. అందరూ షకీలా కేసి చూశారు. షకీలా చేతిలోని పిల్లల కథలు గోతం మీద పెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు తిరుగుతుండగా ముందుకు వచ్చి, "ఈమెకి అసలు పుస్తకాలంటే ఏందో తెలవదు సార్. నోరు కూడా మంచిది కాదు" అంది.

పరాంకుశం మస్తానమ్మ కేసి తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమే సార్" అంది మస్తానమ్మ, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నేను ఎనిమిదే చదివా."

ఆయన నిట్టూర్చి, కలం తీసి, ముద్రించిన ఫారం మీద రాశాడు: 'స్థల పరిశీలన చేయడమైనది. స్థానికుల ఏకగ్రీవ అభిప్రాయం మేరకు, ఈ విక్రయశాల సంరక్షణకు ఎంతమాత్రమూ అర్హమైనది కాదని ధ్రువీకరించడమైనది.' కింద సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేశాడు. మస్తానమ్మ తనకొక కాపీ కావాలంది. నిబంధనల ప్రకారం అడిగినవారికి ఇవ్వాలి కాబట్టి ఇచ్చాడు.

దాన్ని ఆమె అద్దాల ఫ్రేము కట్టించి, గోడౌను గుమ్మం మీద వేలాడదీసి, బంతిపూల దండ వేసింది.

కొన్నాళ్ళకు పక్క ఊళ్ళో పుస్తకాల షాపు నడిపే పెద్దమనిషి ఒకాయన బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన షాపుకు వచ్చే వారం సన్మానమట. మనిషి హడలిపోయి ఉన్నాడు. ఫ్రేములోని కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఈ సర్టిఫికెట్టు ఎట్టా సంపాయించారమ్మా?" అని అడిగాడు.

"నీ షాపుని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు కావాల" అంది మస్తానమ్మ. "ఏడుపాపుకోని తిట్టాల. అట్టాంటోళ్ళు నీ ఊళ్ళో ఎంతమందున్నారు?"

ఆయన గుమ్మంలో నిలబడి, వేళ్ళు మడుస్తూ, పెదవులు కదుపుతూ చాలాసేపు లెక్కపెట్టుకున్నాడు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వెళ్ళాడు.

"ఏడుగురు ఉంటారమ్మా" అన్నాడు.

"అయితే దిగుల్లేదు, ఎళ్ళిరా" అంది మస్తానమ్మ.